ఊదరా!

“ఊదరా!” అంటూ బంగారుతల్లి కొడుకు దవడ పట్టుకుంది.

“తాగలేదే అమ్మా!” బాబ్జి మాట ముద్దగా వచ్చింది. తూలిపడబోయి, సునామీ తరవాత వేసుకున్న రేకుల పంచలో గుంజ పట్టుకున్నాడు.

“సూడండి డాక్టరమ్మా! ఈడి నాన్నా ఇలాగే తూలీవోడు. తాగుబోతోడని పడవెక్కనిచ్చీవోరు కాదు.”

తరతరాలుగా దిగివచ్చే నరాల జబ్బుల మీద ఇరవై ఏళ్లుగా పరిశోధన చేస్తున్న శాంతికుమారి ఆ రోజు పూడిమడక వచ్చింది బాబ్జి రక్తపరీక్ష రిపోర్టు చెప్పడానికే. అనకాపల్లి నుంచి దారిపొడవునా మాటలు కూడగట్టుకుంది. ఇప్పుడు ముందు బంగారుతల్లి చెయ్యి పట్టుకుంది.

“వాణ్ని వదిలెయ్యండమ్మా. ఇది తాగుడు కాదు, నరాల జబ్బు. వాళ్ల నాన్న నుంచే వచ్చుంటుంది.”

“ఆయనకి జబ్బేటి? తాగుడే!”

“తాగుతుంటే మీరెప్పుడైనా చూశారా?”

బంగారుతల్లి కొడుకు దవడ వదిలేసింది.

“ఆయన సేతా రోజూ ఊదించీదాన్ని. ఒక్క రోజూ వాసనొచ్చీది కాదు.” ఆమె గొంతు బాగా తగ్గిపోయింది. “జామాకు నమిలి దాచేత్తన్నాడని, సీపురుతో ఇంకో రెండు ఎక్కువే తగిలించీదాన్నమ్మా.”