వయసు మీరిన పిల్ల

"మన నంబరు వచ్చిందమ్మా" అని అమెరికా నుంచి తండ్రి శ్రీకాంత్ ఫోన్ చేసేనాటికి, శామీర్‌పేటలో మేనత్త ఇంట్లో దిగిన సహస్ర ఇంకా సూట్‌కేసులోంచి బట్టలు కూడా పూర్తిగా బయటకు తీయలేదు.

వర్క్ వీసా మీద వెళ్లిన మనిషికి గ్రీన్‌కార్డు తెచ్చిపెట్టే నంబరది. దాని కోసం ఆ ఇల్లంతా ఏళ్ల తరబడి కళ్లు కాయలు కాచేలా చూసింది. అమ్మానాన్నలకు ఇక ఢోకా లేదు. తమ్ముడు అక్కడే పుట్టాడు, వాడికి ఏ వీసాతోనూ పని లేదు.

సహస్ర సంగతే వేరు. ఇరవై ఒకటి నిండేలోగా నంబరు రాకపోతే, తల్లిదండ్రుల ఫైలులోంచి పిల్లల పేరు తీసేస్తారు. జూన్‌లో ఆమెకు నిండాయి. స్టూడెంట్ వీసాకు పెట్టుకుంటే, నువ్వు ఇక్కడే ఉండిపోయేట్టున్నావని కాదన్నారు. కేకు కోసిన వారానికి విమానం ఎక్కింది. నెల తిరక్కముందే నంబరు వచ్చింది.

"తప్పు ఎవరిదీ కాదురా. మన టైము బాగాలేదు" అన్నాడు శ్రీకాంత్. వెనక అమ్మ ఏడుపు వినిపిస్తోంది. చట్టం మారుస్తారట, చిన్నప్పుడే వచ్చిన పిల్లల్ని పంపించేయకుండా కొత్త బిల్లు పెడతారట అని మళ్లీ ఆయనే ధైర్యం చెప్పాడు. ఆ బిల్లు మాట సహస్ర హైస్కూల్లో ఉన్నప్పటి నుంచీ వింటూనే ఉంది. సరే డాడీ అని పెట్టేసింది.

మేనత్త సత్తమ్మ మంచి మనిషి. తల్లిదండ్రులు అక్కడ కుదురుకునేదాకా సహస్రను పసిగుడ్డుగా ఉన్నప్పటి నుంచి ఐదేళ్లు సాకింది ఆమే. పిల్ల ఎందుకు తిరిగొచ్చిందో ఆమెకు ఎవరూ విప్పి చెప్పలేదు. వీసాకు ఏదో తకరారుందని తన తమ్ముడు శ్రీకాంత్ అంటే నమ్మింది. ఆయన తకరారు అన్నాడంటే తకరారే.

కానీ అత్త ఎంత మంచిదైతే మాత్రం ఏం లాభం? సహస్ర తెలుగు వంటింటి గడప దాటితే చెల్లదు. కిరాణా కొట్టులో ఆమె నోరు తెరిస్తే చాలు, పక్కవాళ్లు బేరం మానేసి వింటారు. లారీల మధ్య రాజీవ్ రహదారి దాటలేక ఓసారి ఉత్త చేతులతో వెనక్కొచ్చింది. గాలి జవహర్‌నగర్ చెత్తకుప్పల వైపు నుంచి వీస్తే ఆ కంపుకు కిటికీ మూసుకుని కూర్చుంటుంది. ఆదివారం చెరువుగట్టు నిండా జనమే, పలకరించే మొహం ఒక్కటీ ఉండదు. అమెరికాలోని స్నేహితులు మొదట్లో రోజూ మెసేజ్ పెట్టేవాళ్లు. తర్వాత వాళ్ల బతుకుల్లో వాళ్లు పడ్డారు.

సెప్టెంబరు చివర్లో, పూల పండగ మొదలయ్యే ఎంగిలిపూల బతుకమ్మ నాడు సత్తమ్మ ఆమెను పొద్దున్నే లేపింది. తలకు నూనె పెట్టి, స్నానం చేయించి, కొత్త డ్రెస్సు చేతికిచ్చింది. ఆపైన పొయ్యి మీద పరమాన్నం పెట్టింది. వీధిలో ఆడవాళ్లు తంగేడు, గునుగు పూలు పళ్లేల్లో పేరుస్తున్నారు. నువ్వూ పోయి కూర్చో అంది అత్త.

సహస్ర మెట్ల మీదే కూలబడింది. వచ్చినప్పటి నుంచి దిగమింగుకున్న ఏడుపు అప్పుడు పొంగుకొచ్చింది.

"వాళ్లెవరో నాకు తెలీదత్తమ్మా. ఇది నా పండగ కాదు. నాకోసం ఇవన్నీ ఎందుకు చేస్తున్నావు?"

సత్తమ్మ నొచ్చుకోలేదు. పరమాన్నం గిన్నె తెచ్చి పక్కన కూర్చుంది. కొంగుతో ఆమె మొహం తుడిచి, చిన్నప్పటిలాగే మొదటి ముద్ద నోట్లో పెట్టింది.

"పండుగకు కాదు బిడ్డా, నిన్ను జల్దీ బడిల ఏయాల్నని జూన్ల పుట్టినవని నేనే రాయిచ్చిన, మీ అమ్మ నాయిన గూడ గదే నడిపిచ్చిండ్రు గని, నీకు ఇరవై ఒకటి నిండేది ఇయ్యాల్నే."