మెత్తటి గొంతు

“దొంగలు! కోత పడ్డ గొంతును కూడా వదల్లేదు మీరు! అసలు మనుషులేనా?”

ఆ కేక వేసింది భర్త. మాటలు మాత్రం అతనివి కావు. పక్కన నిలబడ్డ భార్య పలక మీద రాసింది, అతను చదివాడు. రాసినదానికి రెండింతలు అరిచాడు.

ఆమె ప్రకటనలకు గొంతిచ్చే మనిషి. గొంతులో లేచిన కాయను ఆపరేషన్ చేసి తీసేశాక డాక్టరు గుసగుస కూడా వద్దన్నాడు. అందుకే పాప బడి పలక, బలపం సంచిలో వేసుకుని తిరుగుతోంది. మళ్లీ మాట ఎప్పుడొస్తుందో, వచ్చినా పాత గొంతే వస్తుందో లేదో ఎవరూ చెప్పలేదు. ఈలోగా టీవీలో ఆ గొంతు పరుపులు అమ్ముతోంది. “అమ్మకి మాటొచ్చింది!” అని పాప టీవీ దగ్గరికి పరుగెత్తింది. అమ్మేమో వంటింట్లో నోరు మూసుకుని నిలబడి ఉంది.

ఆమె ఇన్నాళ్లూ గొంతిచ్చిన స్టూడియో యజమాని కుర్చీలోంచి కదల్లేదు. “కూర్చోమ్మా. నువ్వు నాకు చెల్లెలి లాంటిదానివి.”

బలపం కీచుమంది.

“చెల్లెలి గొంతు అమ్ముకునే అన్న నాకక్కర్లేదు,” చదివాడు భర్త.

మీటల బల్ల దగ్గరున్న సౌండు ఇంజినీరు నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

“నేను అమ్మలేదమ్మా, కొన్నాను,” అన్నాడు యజమాని. “నీ గొంతు రికార్డులు విని యంత్రం చేసిన గొంతు అది. నీకు బాగయ్యేదాకా కంపెనీవాళ్లు ఆగుతారా? మనిషిని పెట్టుకుంటే దగ్గులు, జలుబులు, ఆపరేషన్లు. యంత్రానికి అవేం లేవు. నీకు నయమయ్యాక రా, ఏదో ఒకటి ఇప్పిస్తాను.”

వింటున్నారా? సబ్బు అమ్మాలన్నా సిమెంటు అమ్మాలన్నా వీళ్లకి గొంతు కావాలి. ఆ గొంతుకో మెడ, మెడ కిందో మనిషి, ఆ మనిషికో జ్వరం, ఇవి మాత్రం అక్కర్లేదు.

ఆమె రాసింది. భర్త చదివాడు. “నేను వచ్చేసరికి నా గొంతు మీ దగ్గర పనిలో ఉంటుంది. ఇక నన్నెవడు పిలుస్తాడు?”

యజమాని చేతి గడియారం చూసుకున్నాడు.

“ఎవడు అమ్మాడు మీకు? చెప్పండి!” భర్త బల్ల గుద్దాడు. ఈసారి పలక మీద ఏమీ లేదు. సొంత మాటే.

“మీరు అరవకండి సార్,” అన్నాడు యజమాని. కాస్త ఆగి, “మీరు మరీ అరవకండి,” అన్నాడు.

భర్త చల్లబడ్డాడు. ఆమె మళ్లీ రాసి పలక చూపించింది. అతను దాని వంక చూసి, “సరే, ఇంటికి పోదాం అంటోంది,” అన్నాడు.

ఆమె పలకతో అతని భుజం మీద ఒక్కటిచ్చి, దాన్ని ఇంజినీరు వైపు తిప్పింది.

“సంగీతం తీసేసి గొంతు ఒక్కటే వినిపించు తమ్ముడూ,” ఇంజినీరు పైకి చదివాడు.

“కళ్లజోడు మర్చిపోయొచ్చాను,” భర్త గొణిగాడు.

ఇంజినీరు మీటలు కిందికి లాగాడు. సంగీతం పోయింది. గొంతు మిగిలింది.

“ఇవాళ్టికి ఇక చాలు... రండి... హాయిగా పడుకోండి...”

గది మెత్తబడింది. యజమాని కూడా కుర్చీలో వెనక్కి వాలాడు. “ఇంత మెత్తటి గొంతు ఎక్కడా దొరకదన్నారమ్మా కంపెనీవాళ్లు.”

ఆమె రాసింది. ఇంజినీరే చదివాడు. “ఇంత మెత్తగా నేనిక్కడ ఎప్పుడూ చదవలేదు.”

“నిజమే అక్కా,” అన్నాడతను. “ఇక్కడ మీ చేత సిమెంటనీ, బట్టల సబ్బనీ అరిపించడమే కదా. మీ పాత ప్రకటనలు కలిపి చేశారనుకున్నా.”

మళ్లీ వెయ్యమని ఆమె సైగ చేసింది. వేశాడు. ప్రతి మాట ముందూ ఏదో చిన్న తడి చప్పుడు. ప్చ్. వెంటనే గరగర.

“ఇదేంటి? సంగీతం కింద వినపడనే లేదు!”

ఆమె చూపుడువేలు నాలికకి అద్దుకుని, గాలిలో లేని పేజీ ఒకటి తిప్పింది.

ఇంజినీరు నోరు తెరిచాడు. “పేజీనా! వేలు తడి చేసుకుని పేజీ తిప్పుతున్నారు! యంత్రం అది కూడా మీ గొంతే అనుకుని నేర్చేసుకుంది! కానీ అక్కా, ఇక్కడ కాగితమే ఉండదు కదా. మైకు ముందు కాగితం గరగరమంటే మనకి తిట్లే. తెర మీద చూసేగా చదువుతారు! అంటే మీరు ఎక్కడో పుస్తకం చదువుతుంటే రికార్డు చేశారన్నమాట. మీరు పుస్తకం పైకి ఎక్కడ చదువుతారక్కా?”

“పద పద, పాప బడి వదిలే వేళయింది,” భర్త ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అతని రెండో చెయ్యి జేబులోని ఫోన్ మీద ఉంది.

ఆమె చెయ్యి విడిపించుకుంది. చున్నీతో పలక తుడిచింది. రాయడం మొదలుపెట్టింది. బలపం పుటుక్కున విరిగింది. ముక్కతో రాసింది. పలక అంచులదాకా అక్షరాలు ఇరికించి రాసింది. రాసి భర్తకివ్వలేదు. ఇంజినీరు చేతిలో పెట్టింది.

అతను పైకి చదివాడు.

“తలుపు వెయ్యి తమ్ముడూ. ఆ ప్రకటన ఇప్పుడే ఆపించు. ఆపరేషన్‌కి ముందు, ఒకవేళ నా గొంతు పోతే పాపకి గుర్తుగా ఉంటుందని, మంచం పక్కన కూర్చుని నేను చదివిన కథలన్నీ ఫోన్‌లో పట్టాడు వీడు. అమ్మిందీ వీడే. ఆ ఫోన్ లాక్కో!”