లేచి నిలబడ్డ మనిషి

గద్వాల నుంచి వనపర్తి పోయే బస్సు బీచుపల్లి వంతెన దాటింది. ఎర్రచొక్కావాడి నోరు మాత్రం ఆగలేదు.

"ఏయ్ బొల్లిదానా! ఆ మచ్చలు మాకు అంటించనీకి ఎక్కినవా? లెవ్వు, దిగు!"

వాడెవడో సుమనకు తెలియదు. ఎర్రవల్లి చౌరస్తాలో ఎక్కాడు. పక్కన కూర్చోబోయి ఆమె ముఖం చూశాడు. అప్పటినుంచీ అవే తిట్లు.

బస్సులో నలభైమంది ఉన్నారు. ఒకామె కిటికీ వైపు తిరిగింది. ఒకాయన ఫోన్లోకి తల దూర్చాడు. కండక్టర్ చెన్నయ్య టికెట్ మిషన్ నొక్కుకుంటూ కూర్చున్నాడు.

"నువ్వు పుట్టిన్నాడే మీ అవ్వ గొంతు పిసికి సంపాల్సుండె!"

సుమనకు ఏడుపు ఆగలేదు.

అవతలి వరుసలో ఒక పెద్దమనిషి ఆమెనే చూస్తున్నాడు. లేచాడు. వచ్చి ఇద్దరి మధ్య, ఆమెకేసి తిరిగి నిలబడ్డాడు. భీమన్న అని పేరు తర్వాత తెలిసింది.

"నీకెందుకురా ముసలోడా? పో, కూసో!"

భీమన్న వెనక్కి తిరగనైనా లేదు. భయపడొద్దన్నట్టు సుమనకు చెయ్యి ఊపాడు.

మొదటి గుద్దు పక్కనుంచి భీమన్న దవడ మీద పడింది. రెండోదానికి ముక్కు పగిలింది. జుట్టు పట్టి ఇనుప రాడ్డుకేసి కొట్టాడు వాడు. నెత్తురు చిమ్మి సుమన చున్నీ తడిసింది. అప్పుడు తిరిగాడు భీమన్న. వాడి మెడ పట్టి కింద పడేసి, రొమ్ము మీద మోకాలు పెట్టి, మూతి పచ్చడయ్యేదాకా గుద్దాడు. ఊడిన పన్ను ఒకటి సీటు కిందికి దొర్లింది.

డ్రైవర్ బస్సును తీసుకుపోయి పోలీస్ స్టేషన్ ముందు ఆపాడు.

సుమన ఏడుస్తూనే అంతా చెప్పింది.

"నేనేం అనలే సార్. ఈడే ఊరికె నా మీద పడ్డడు," అన్నాడు ఎర్రచొక్కావాడు, మూతి తుడుచుకుంటూ.

ఎస్సై ప్రయాణికుల వైపు చూశాడు. "ఆ పిల్లను ఏమన్నడో ఎవరన్న విన్నరా?"

"నేను వెనకుంటి సార్. వినలే."

"ఇంజన్ మోతల ఏం వినపడలే సార్."

ఒక్కొక్కరే బస్సెక్కేశారు.

ఎస్సై భీమన్న దగ్గరికి వచ్చాడు. "నువ్వన్న చెప్పు పెద్దాయనా. ఏం విని లేచినవ్?"

భీమన్న జవాబివ్వలేదు. మళ్లీ అడిగాడు ఎస్సై.

చెన్నయ్య తల దించుకుని ముందుకొచ్చాడు.

"రోజూ నా బస్సులనే వస్తడు సార్, ఆయనకు పుట్టినకాడి నుంచి చెవులు వినపడవు."