గేటుకి అడ్డం

“ఇవాళ నీలంరంగుది,” అన్నాడు అతను, గేటు రెక్క పట్టుకుని.

భార్య అన్నం డబ్బా మూత బిగిస్తూ వాకిట్లోకి వచ్చింది. గేటుకి సరిగ్గా అడ్డంగా ఓ పాత నీలం కారు ఉంది. లోపల ఎవరూ లేరు. అద్దం మీద ఫోన్ నంబరూ లేదు. గేటుకి ఇవతల, పసుపుపచ్చ స్కూలు వ్యాన్ ఇంజను వణుకుతూ ఎదురు చూస్తోంది.

“సోమవారం తెల్లది, నిన్న ఎర్రది. వంతులేసుకుని వస్తున్నారు నా ప్రాణానికి!”

“టైమెంత?”

“ఏడూ పది. ఐదు నిమిషాల్లో మొదటి పిల్ల సందు చివర నిలబడుతుంది.”

ఇరవై రెండేళ్ళుగా అతను పిల్లలకి వ్యాన్ మామయ్య. బండి స్కూలుదే అయినా ఉండేది అతని వాకిట్లో. పిల్లల్ని ఎక్కించి దించే ఆయా పని భార్యది. గేటు ముందు ఇలా కారు పెట్టిపోవడం మూడు వారాల్లో ఇది ఏడోసారి. అతను వాళ్ళనీ వీళ్ళనీ అడిగి, అలిసి, ముఖం కడుక్కోవడానికి లోపలికి వెళ్ళినప్పుడు ఆ కారు మాయమవుతుంది. అప్పటికి తల్లిదండ్రులే పిల్లల్ని దింపేసి ఉంటారు. ఇంకొక్కసారి ఇలా జరిగితే వ్యాన్ వేరేవాళ్ళకి ఇచ్చేస్తానని స్కూలు మేనేజరు నిన్ననే చెప్పాడు.

ఎదురుగా జిమ్ ఉంది. రోడ్డు దాటి లోపలికి వెళ్ళాడు.

“ఆ నీలం కారు ఎవరిది బాబూ?”

పరిగెత్తే యంత్రం మీద ఉన్నవాడు చెవిలోంచి తీగ లాగాడు. “కారుంటే నేనిక్కడ ఇలా ఎందుకు పరిగెడతానంకుల్?”

అందరూ నవ్వారు. ఆ నవ్వులో తన మీద ద్వేషం ఏమీ లేదని అతనికి తెలుసు. అదే ఎక్కువ బాధించింది. ద్వేషించాలన్నా ముందు మనిషిని చూడాలి కదా. గేటు ముందు బండి ఆపి దిగేవాడికి ఆ గేటు వెనక ఒక మనిషి ఉంటాడని కూడా తోచదు.

తిరిగి వచ్చేసరికి బావమరిది కారు పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. వాడు కార్ల షెడ్డులో మెకానిక్. అక్క ఫోన్ చేసి పిలిపించింది.

“గేర్లో పెట్టి తాళం వేసుకుపోయాడు బావా. జరగదు.”

“ఎత్తి పక్కన పెడదాం.”

“ఎత్తడానికిదేమన్నా మంచమా?”

“మెకానిక్‌వి, తాళం తియ్యడం చేతకాదూ? మీ అక్క నీ గురించి గొప్పలు చెప్పుకుంటుంది!”

“పరాయి బండి తాళం తీస్తే నన్ను లోపలేస్తారు,” అన్నాడు బావమరిది, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ.

గోడ పక్కన ఇటుక ఉంది. అది అతని చేతిలోకి ఎప్పుడొచ్చిందో అతనికే తెలీదు. పైకెత్తిన చేతిని ఎవరో పట్టుకున్నారు. ఉలిక్కిపడ్డాడు. ఎడమపక్కన భార్య.

“ఎప్పుడొచ్చావు?”

“ఇక్కడే ఉన్నాగా ఇందాకట్నించి.”

కోపం వస్తే పక్కనున్న మనిషి కూడా కనబడదు అనుకున్నాడు. ఇటుక పారేసి వ్యాన్ ఎక్కబోయాడు.

“గోడవైపు కాస్త సందుంది. పోనిచ్చేస్తా.”

ఆమె వెళ్ళి వ్యాన్ ముందు నిలబడింది. “వద్దు. ఎడంవైపు ఇప్పటికే గీతలు.”

“ఆ గీతలు ఎవరి వల్ల? ఈ వెధవల వల్ల కాదూ?”

ఆమె అక్కణ్ణించి కదల్లేదు.

అతను స్టీరింగు మీద చేతులు వేసి కూర్చున్నాడు. ఇరవై రెండేళ్ళలో ఒక్క పిల్ల మోకాలు చెక్కుకుపోలేదు. పోయిన నెల ఒక పాప ఇంకా మెట్టు మీద ఉండగానే బండి కదిలిందన్న మాట నిజమే. పాప నిదానం అది. భార్య రెక్క పట్టి లాగేసింది, ఏమీ కాలేదు. ఆ రోజునించీ కంటి డాక్టరు, కంటి డాక్టరు అని ఒకటే నస. ఏటా స్కూలు పెట్టే కంటిపరీక్షలో అతనికి తిరుగులేదు. ఆ అట్ట మీది అక్షరాల వరస స్నానం చేస్తున్నా నోట్లో ఆడుతుంది. కళ్ళు మూసుకుని కూడా చెప్పగలడు.

ఏడున్నరకి ఫోన్ మోగింది. అతను ఎత్తలేదు.

సాయంత్రం మేనేజరు కొత్త డ్రైవరుని వెంటబెట్టుకుని వచ్చాడు.

“నా తప్పు కాదు సార్.”

“నీదని ఎవరన్నారయ్యా? నీ అంత జాగ్రత్త మనిషి మాకు దొరకడు. కానీ పిల్లలు రోడ్డున నిలబడుతున్నారు.”

తాళాలు ఇచ్చేశాడు. కొత్త డ్రైవరు ఒక్క ఊపులో వ్యాన్‌ని గేటు దాటించి వెళ్ళిపోయాడు. వాకిట్లో నూనె మరక మిగిలింది.

“చూడు,” అన్నాడు అతను మెట్టు మీద కూలబడి. “ఇప్పుడు ఒక్కడూ లేడు. నా పొట్ట కొట్టినవాడి ముఖమైనా చూళ్ళేదు నేను.”

ఆమె పక్కనే కూర్చుంది.

తిట్టాలని నోరు తెరిచాడు. తిట్టు రాలేదు. ఇన్నాళ్ళూ బిగబట్టినదేదో లోపల సడలింది. అది దుఃఖం మాత్రం కాదు. అదేమిటో చూడబోయి సిగ్గుపడి వదిలేశాడు.

“అందరూ ఏమనుకుంటారు?”

“కార్ల వాళ్ళ దౌర్జన్యం అనుకుంటారు.”

“నా తప్పేం లేదు కదూ?”

“మీ తప్పేం లేదండీ,” అంది. అతని వీపు మీద చెయ్యి వేసి చాలాసేపు తియ్యలేదు.

తరవాత వంటింట్లోకి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసి, తమ్ముడికి ఫోన్ చేసింది.

“రేపట్నించి కారు పెట్టక్కర్లేదురా.”