మూడో సిలిండరు చప్పుడు

"ఈ ఆయిలు నా చేత్తో పొయ్యను," అన్నాడు ముసలి మేస్త్రీ, డబ్బా మూత తీసి వాసన చూసి పక్కన పెడుతూ.

లారీ డ్రైవరు ఇది ఊహించలేదు. తెల్లారేసరికి ఎనభై ఆక్సిజన్ సిలిండర్లతో కొండ మీది ఆసుపత్రికి బయల్దేరాలి. పైన చలికి మామూలు ఆయిలు మైనంలా బిగుసుకుపోతోంది. మొన్న అక్కడ బండి ఎంతకీ స్టార్టు కాక, ఆయిలు ఛాంబరు కింద గుడ్డలు కాల్చి వెచ్చబెట్టాల్సి వచ్చింది. ఖాళీ సిలిండర్లు కిందికి దిగడం ఆలస్యమైతే, నిండువి పైకెక్కడం ఆలస్యం. ఆ ఆలస్యం ఎవరి ప్రాణం మీదికి వస్తుందో అతనికి తెలుసు. అందుకే చలికి బిగుసుకోని సింథటిక్ ఆయిలు వెతికి పట్టుకొచ్చాడు.

"ఎందుకు పొయ్యవు బాబాయ్? పల్చగా ఉంది, సీళ్లు కారతాయనా?"

"కారవు. ఆ సీళ్లు వేసింది నేనే."

"ఇంజను పాతదనా?"

"తొమ్మిది లక్షల కిలోమీటర్లు తిరిగింది. ఇంకో మూడు తిరుగుతుంది."

"మరింకేంటి?"

మేస్త్రీ ఇంజను వైపు చూశాడు. "ఇంజన్లో మూడో సిలిండరు దగ్గర టక్కుటక్కుమని ఒక చప్పుడుంది. చిక్కటి ఆయిలు పైదాకా సరిగ్గా ఎక్కక వచ్చే చప్పుడు. ఇది పోస్తే అది పోతుంది."

డ్రైవరుకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "పోతే మంచిదేగా?"

ముసలాయన చూపు ఇంజను మీంచి మరల్చలేదు.

చేతిలోని రెంచీ తుడుచుకుంటూ మేస్త్రీ కూతురు వచ్చింది. ఆ షెడ్డులో సగం పని ఆమెదే. వచ్చి తండ్రికి ఎదురుగా నిలబడింది.

"నాన్నా, పైన ఊపిరందనివాళ్లు ఎదురుచూస్తుంటారు," అంది నెమ్మదిగా.

ముసలాయన కాసేపు ఆమె మొహంలోకే చూశాడు. తర్వాత డ్రైవరు వైపు తిరిగాడు. "ఇంజను స్టార్టు చెయ్యి. వేడెక్కితేనే పాత ఆయిలు మొత్తం దిగుతుంది."

ఇంజను దడదడలాడుతూ అందుకుంది. మేస్త్రీ మూరెడు ఇనుప కడ్డీ ఒకటి తీశాడు. ఒక కొస ఇంజను మీద ఆనించి, రెండో కొస పళ్ల మధ్య కరిచి పట్టి, కళ్లు మూసుకున్నాడు. కడ్డీని చెవికి ఆనించుకునే మేస్త్రీలను డ్రైవరు చాలామందినే చూశాడు. ఏళ్లుగా రాత్రిళ్లు బండి ఈ షెడ్డులోనే వదిలి వెళ్తున్నా, ఇలా పళ్లతో పట్టుకోవడం మాత్రం ఎప్పుడూ చూడలేదు. ఒక్కో సిలిండరు మీద కడ్డీ కాసేపు ఆగి పక్కకు జరుగుతోంది. మూడోదాని మీద చాలాసేపు ఆగింది.

ఆఖరికి కళ్లు తెరిచి, "ఐదోది వణకడంలో తేడా ఉంది. నాజిల్ విప్పి చూడు," అన్నాడు కూతురితో.

ఇంజను ఆపి ఆమె విప్పింది. డీజిలు చిమ్మే కొసన మసి పట్టి ఒక రంధ్రం పూడుకుపోయి ఉంది. కంటికి ఆనీ ఆననంత మసి. బండి లాగడం లేదంటూ డ్రైవరు వేరే మూడు షెడ్లు తిరిగాడు. మిషన్లు పెట్టి చూసినవాళ్లు కూడా ఆ సంగతి పట్టుకోలేకపోయారు.

"దేవుడి పళ్లు బాబాయ్ నీవి," అన్నాడు. ముసలాయన నవ్వాడు.

పొయ్యనన్నవాడే బండి కిందికి దూరి ఛాంబరు బిరడా తానే విప్పాడు. తారులాంటి ఆయిలు తొట్టిలోకి దిగింది. చివరి చుక్క దాకా ఆగాడు. ఫిల్టరు మార్చి, బిరడాకి కొత్త వాషరు వేసి బిగించాడు. తేనెరంగు ఆయిలు తన చేత్తోనే పోశాడు. ఒక నిమిషం ఇంజను తిప్పించి ఆపించాడు. గేజీ తీసి మట్టం చూసి, బండి కింద అట్టముక్క పరిచి ఇంటికి వెళ్లాడు.

పొద్దున్నే వచ్చేసరికి అద్దాల మీద మంచు పేరుకుని ఉంది. కూతురు వంగి అట్టముక్క బయటికి లాగింది. ఒక్క చుక్క పడలేదు.

డ్రైవరు సీట్లో కూర్చుని, ఊపిరి బిగబట్టి తాళం తిప్పాడు. అర చుట్టు తిరిగిందో లేదో, ఇంజను అందుకుంది. దగ్గలేదు, పొగ కక్కలేదు. ఆయిలు ప్రెజరు ముల్లు నిలువునా లేచి నిలబడింది. టక్కుటక్కు లేదు. రోజూ ఆ మోతకు బెదిరి లేచిపోయే పావురాలు దూలం మీద మెడలు చాచి చూశాయి తప్ప ఎగరలేదు. ఏళ్ల తరబడి తన నడుము విరగ్గొట్టిన బండి ఇదేనా అనుకున్నాడు డ్రైవరు. స్టీరింగు మీద అరచెయ్యి ఆనించి అలాగే ఉండిపోయాడు. ఎందుకో కళ్లు చెమర్చాయి.

దిగి ముందుకొచ్చాడు. మేస్త్రీ పళ్ల మధ్య కడ్డీ పెట్టుకుని, కళ్లు మూసుకుని ఇంజను మీదికి వంగి ఉన్నాడు. మూడోదాని మీదే. చాలాసేపటికి కళ్లు తెరిచాడు.

"ఏమంటోంది బాబాయ్?"

"ఏమీ అనట్లేదు," అన్నాడు ముసలాయన. కడ్డీని గుడ్డతో తుడిచాడు. "ఇంక నిన్ను ఏ చలీ ఆపదు. జాగ్రత్తగా వెళ్లిరా."

డ్రైవరు చేతులెత్తి దణ్ణం పెట్టేలోపే ఆయన వెనక్కి తిరిగి షెడ్డులోకి నడిచాడు. "బాబాయ్, నీ మేలు మర్చిపోలేను," అని డ్రైవరు గట్టిగా అన్నాడు. ఆయన వెనక్కి చూడలేదు.

"కోపం వచ్చినట్టుంది," అన్నాడు డ్రైవరు ఇబ్బందిగా. "ఇంత గొప్ప పని చేసి కూడా... ఆ పాడు చప్పుడంటే ఆయనకి ఎందుకంత ఇష్టం?"

కూతురు తండ్రి వెళ్లిన వైపే చూస్తూ అంది.

"చెవులు పోయి పదకొండేళ్లయింది అన్నా, మాటలు పెదాలు చూసి పోల్చుకుంటాడు. ఇన్నాళ్లూ ఆ కడ్డీ గుండా మా నాన్నకి వినపడుతూ వచ్చింది లోకంలో అదొక్కటే."