కండెల కూలి

“కోడ్ రాసినోళ్లకే పైసలు. సిద్దయ్య ఒక్క వరుసన్న రాసిండా?” కమలాకర్ గొంతు పెంచాడు.

అది నారాయణపేటలో సిద్దయ్య మగ్గం ఇల్లు. చీర అంచు బొమ్మను మగ్గానికి పనికొచ్చే గళ్ల లెక్కగా మార్చే సాఫ్ట్‌వేర్‌ను ఆ ఇంట్లోనే, ఒకే కంప్యూటర్ మీద, కమలాకర్, నిరోష వంతులవారీగా రాశారు. ఓపెన్ సోర్స్ కాబట్టి ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు. అది నచ్చి బెంగళూరు సంస్థ ఒకటి ఆరు లక్షలు పంపింది. అమ్మిన సరుకు డబ్బు పంచుకోవడం తేలిక. ఊరికే ఇచ్చినదానికి వచ్చిన డబ్బు పంచుకోవడమే కష్టం.

“ప్రతి అంచు సిద్దయ్య కాకనే నేసి చూసిండు గదన్నా,” అంది నిరోష. “తప్పులన్నీ ఆయనే పట్టిండు. పదకొండు చీరలు ఖరాబైనయి.”

ఆ పదకొండూ సగం ధరకు పోయాయి. పట్టు కొనే పెట్టుబడి లేక సిద్దయ్య మగ్గం నెల రోజులుగా ఆగి ఉంది.

“జాగా ఇచ్చిండు, కరెంటు ఇచ్చిండు. కిరాయి కట్టిద్దాం. వాటా మాత్రం లేదు,” అన్నాడు కమలాకర్.

సిద్దయ్య నెమ్మదిగా అన్నాడు. “మా తాన చీర అమ్ముడువోతె ముందుగాల దారం కండెలు చుట్టినోళ్ల కూలి తీసిపెడ్తం బిడ్డా. నేసినోనిది ఆ తర్వాతనే.”

“ఇది మగ్గం కాదు కాకా! ఏ మార్పు ఎవరు చేసిండ్రో పేరుతో సహా కంప్యూటర్ల ఉంటది. అది ఎవరికెంత చెప్తె వాళ్లకంత. ఒప్పుకుంటరా?”

అదే మాట కాగితం మీద రాసి, ముందుగా తనే సంతకం పెట్టి ముందుకు తోశాడు. నిరోష తటపటాయించింది. సిద్దయ్య ఆగిన మగ్గం వైపు ఒకసారి చూసి సంతకం చేశాడు. ఇక ఆమె కూడా చేయక తప్పలేదు.

“ఇగ లెక్క తియ్యి,” అన్నాడు కమలాకర్.

నిరోష మీట నొక్కింది. తెర మీద ఒకే వరుస వచ్చింది. ఆమె దాన్ని రెండుసార్లు చూసుకుంది.

“చదువు! ఎందుకాగినవ్?”

“మొత్తం మార్పులు పద్దెనిమిది వందల నలభై. సిద్దయ్య పేరు మీద... పద్దెనిమిది వందల నలభై.”

“మరి మన పేర్లు?”

“లేవన్నా. మొదటి రోజు కంప్యూటర్ రాసేటోళ్ల పేరడిగితే ఇంటాయన పేరు కొట్టింది నువ్వే గదా. మల్ల మార్చుడు ఇద్దరం మరిచినం.”

కమలాకర్ చేయి కాగితం కోసం వెతికింది. అది అప్పటికే సిద్దయ్య జేబులో ఉంది.

“ఫికర్ చేయకు బిడ్డా,” అన్నాడు సిద్దయ్య. “కండెలు చుట్టినోళ్ల కూలి ముందుగాల తీసిపెడ్త.”