కందిపప్పు ఏరిన సైన్యం

బొమ్మల యుద్ధాలకు సమీక్షలు రాసే పైడిరాజు భోజనాల బల్ల మీద 'శనిగ్రహ సంగ్రామం' పెట్టె విప్పాడు. ఈ రోజుల్లో ఏ బొమ్మకైనా మెదడుంటుంది కదా! అతను నియమాలు చదివేలోగానే బొటనవేలంత సైనికులు, రెండు పక్షాలవాళ్లూ కూర్చుని రాజీపడిపోయారు.

"ఒక్క గుండైనా పేల్చండ్రా బాబూ! సాయంత్రానికి సమీక్ష పంపాలి" అని బతిమాలాడు.

"దేనికోసం సార్?" అన్నాడు దళపతి.

పైడిరాజు నియమాల పుస్తకం తిరగేశాడు.

"ఊరికే కూకున్నారు గదేటి, ఇది ఏరండి" అంటూ అతని భార్య నూకరత్నం వాళ్ల ముందు కందిపప్పు పోసింది. పావుగంటలో రాయన్నది లేకుండా ఏరేశారు.

'బుర్ర ఎక్కువైంది. ఒక్క నక్షత్రం' అని రాసి పంపాడు పైడిరాజు.

కంపెనీవాళ్లు ఆ పెట్టె పట్టుకెళ్లి, మెదళ్లు తీసేసి, వారంలో తిరిగి పంపారు. మూత తియ్యగానే సైనికులు ఒకళ్లనొకళ్లు కాల్చుకుని పడిపోయారు. పైడిరాజు మురిసిపోయి, అయిదు నక్షత్రాలిచ్చి భోజనానికి కూర్చున్నాడు.

మొదటి ముద్దలోనే పంటికింద రాయి పడింది.